గాలిలో బంజరు పట్టాలు

లిఫ్టులో ఉమ్మిందెవరు, మోటారు ఆపకుండా పడుకున్నదెవరు, పార్కింగులో స్కూటరు అడ్డంగా పెట్టిందెవరు? అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగా నేను రోజూ తీర్పు చెప్పే కేసులివి. పోయిన నెల వీటి మధ్యలో ఒక కొత్త రకం అర్జీ వచ్చింది. మూడో అంతస్తు కుర్రాడు, ఇంటర్ రెండో సంవత్సరం, టెర్రస్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక తీగ కట్టుకుంటానన్నాడు. బట్టలారేసుకోవడానికా అని అడిగాను.

"కాదంకుల్, హామ్ రేడియోకి. వేరే దేశాలవాళ్లతో మాట్లాడొచ్చు."

ఆ మాట అంటున్నప్పుడు వాడి చేతిలో ఫోనుంది.

లైసెన్సు కాగితం కూడా చూపించాడు. వీయూ3తో మొదలయ్యే ఒక గుర్తు వాడికి కేంద్ర ప్రభుత్వమే ఇచ్చింది. పన్నెండేళ్లు నిండి, పరీక్ష పాసైతే చాలట. ఓటు హక్కు లేని వయసులో ఖండాంతరాలకు మాట పంపే హక్కు ఇచ్చారన్నమాట.

నేను తొందరపడి తీర్మానం రాసే మనిషిని కాను. జబ్బు ఎక్కడ పుట్టిందో తెలియకుండా మందు రాయకూడదు. అందుకని మూడు వారాలు కూర్చుని చదివాను. ఈ జబ్బు కుర్రాళ్లకు ఎలా అంటుకుంది, అంటించిన పత్రికలేవి, ఆపడానికి అప్పటి పెద్దలు ఎంత తెలివిగా ప్రయత్నించారు, ఆ తెలివి వాళ్లను ఎక్కడికి తీసుకెళ్లింది అన్నది తల్లిదండ్రులందరూ తెలుసుకోవాలి. కార్యవర్గానికి సమర్పించిన నివేదికనే కాస్త సరళం చేసి ఇక్కడ ఇస్తున్నాను.

మూలం న్యూయార్కులో దొరికింది. లక్సెంబర్గ్‌లో పుట్టిన హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అనే కుర్రాడు 1904లో, ఇంకా ఇరవై నిండకుండానే, అమెరికాలో ఓడ దిగాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఏదో ఒక ఉద్యోగం వెతుక్కుని ఇంటికి డబ్బు పంపితే లోకం ప్రశాంతంగా ఉండేది. ఆయన ఎలక్ట్రో ఇంపోర్టింగ్ కంపెనీ అని ఒక దుకాణం తెరిచాడు. ఆ పేరులోని అక్షరాలే ముక్కలు ముక్కలుగా ఏరి 'టెలిమ్కో' అని ఒక వైర్‌లెస్ సెట్టు తయారుచేశాడు. 1906 మొదట్లో సైంటిఫిక్ అమెరికన్‌లో ప్రకటన ఇచ్చాడు: మాట పంపే పెట్టె, అందుకునే పెట్టె రెండూ కలిపి పది డాలర్ల లోపే, మైలు దూరం వరకు పనిచేస్తుందని. అప్పటికి వైర్‌లెస్ అంటే మార్కోనీ, నౌకాదళాలు, ఓడల కంపెనీలు. పెళ్లి భోజనాన్ని ప్లేటు పదిరూపాయలకు అమ్ముతానంటే ఎవరికైనా అనుమానం రాదా?

వచ్చింది. ఎవరో ఫిర్యాదు చేస్తే ఒక పోలీసాయన దుకాణానికి వచ్చాడని గెర్న్స్‌బ్యాకే తర్వాతి కాలంలో చెప్పుకునేవాడు. ఆయన ముందు సెట్టు ఆడించి చూపించారు. ఈ పక్క మీట నొక్కితే ఆ పక్క గంట మోగింది. పోలీసాయన మాత్రం లొంగలేదు. వైర్‌లెస్ అని రాశారు, మరి ఇన్ని వైర్లెందుకున్నాయని అడిగాడు.

నూట ఇరవై ఏళ్లయింది. ఆ ప్రశ్నకు ఇంతవరకు సరైన జవాబు రాలేదని నా అభిప్రాయం. మా కుర్రాడు కూడా వైర్‌లెస్ కోసమే టెర్రస్ పొడవునా వైరు కడతానంటున్నాడు.

ఆ గంట మోగే విధానం చూడండి. మీట నొక్కగానే రెండు ఇత్తడి గుండ్ల మధ్య నిప్పురవ్వ ఎగురుతుంది. దాని అలలు గాల్లో వెళ్లి, అవతలి గదిలో గాజు గొట్టంలో పోసిన లోహపు రజనును తాకుతాయి. అంతవరకు ఒకదానికొకటి ముఖం చూసుకోని ఆ రజను రేణువులు ఠక్కున అతుక్కుంటాయి, వాటిలోంచి కరెంటు పారుతుంది, గంట మోగుతుంది. ఒకసారి అతుక్కున్నవి వాటంతట అవి విడిపోవు కాబట్టి చిన్న సుత్తి ఒకటి వచ్చి గొట్టం నెత్తిన మొడుతుంది. అప్పుడు మళ్లీ విడిపోతాయి. కలవడానికి ఒక మెరుపు, విడిపోవడానికి ఒక మొట్టికాయ. మా జనరల్ బాడీ మీటింగు కూడా ఇలాగే నడుస్తుంది గానీ, దాన్ని చూడటానికి ఎవరూ పది డాలర్లివ్వరు.

గెర్న్స్‌బ్యాక్ 1908 ఏప్రిల్‌లో మోడర్న్ ఎలక్ట్రిక్స్ అనే పత్రిక పెట్టాడు. అసలు నేరం ఇక్కడ మొదలైంది. ముందు పత్రిక పెట్టి తర్వాత ప్రకటనల కోసం తిరిగేవాళ్లను చూశాం. ఈయన ముందు దుకాణం పెట్టి, ఆ దుకాణానికి ఒక పత్రికను కట్టుకున్నాడు. పురాణం చెప్పేచోటే కొబ్బరికాయలు కూడా అమ్మినట్టు, ఈ పేజీలో ఫలానా తీగచుట్ట ఎలా చుట్టాలో పాఠం ఉంటుంది, పేజీ తిప్పితే ఆ తీగ ఎంతకు దొరుకుతుందో ఉంటుంది. కుర్రాడికి సందేహం వస్తే ఉత్తరం రాస్తాడు, జవాబు అచ్చవుతుంది, ఆ జవాబు చదివి ఇంకో వెయ్యిమందికి సందేహం వస్తుంది. సొంత స్టేషను ఫొటో పంపితే నెలనెలా పోటీ, మంచి ఫొటోకు నగదు బహుమతి. ఆ ఫొటోల్లో బల్లనిండా తీగచుట్టలు, బ్యాటరీలు, సీసాలు, మధ్యలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఎంతో బాధ్యత మోస్తున్నట్టు చూస్తున్న పదిహేనేళ్ల ముఖం. హోమ్‌వర్కు ఏ ఫొటోలోనూ కనిపించదు.

డబ్బున్న పిల్లలు సామాను కొన్నారు. లేనివాళ్లు ఇంట్లో ఉన్నదాని మీద పడ్డారు, అది ఇంకా ప్రమాదం. ఓట్స్ అట్టడబ్బా గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని మీద రాగితీగ చుట్టారు. ఫోర్డు కారులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్ పీకి ట్రాన్స్‌మిటర్ చేశారు. ఇనుప మంచం స్ప్రింగులను ఏరియల్‌గా వాడారు. గెలీనా అనే సీసపు రాయి ముక్క మీద సన్నటి తీగ మొన ఆనించి, ఎక్కడ ఆనిస్తే శబ్దం వినబడుతుందో అని గంటలు గంటలు వెతికారు. ఆ తీగకు పిల్లిమీసం అని పేరు. ఆ రాయికి బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. గాల్లోంచి వచ్చిన అలకు ఉన్న కాస్త బలంతోనే చెవిలో మాట వినబడుతుంది. పైసా ఖర్చు లేకుండా వినోదం దొరకడం పిల్లల నడవడికకు మంచిది కాదని వేరే చెప్పాలా?

1909 జనవరిలో ఆయన వైర్‌లెస్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా పెట్టాడు. చందా లేదు. ఏడాది తిరిగేసరికి పదివేల మంది సభ్యులయ్యారని ఆయన లెక్క. ఈ లెక్కను నేను పూర్తిగా నమ్ముతాను. మెయింటెనెన్స్ వసూలు చేయకపోతే మా సంఘంలోనూ పక్క వీధివాళ్లతో సహా అందరూ సభ్యులవుతారు.

పేర్ల సంగతి ఇంకా ఘోరం. అప్పటికి లైసెన్సు లేదు, చట్టం లేదు. ఎవడి గుర్తు వాడే పెట్టుకున్నాడు. ఇంటిపేరులోని మొదటి అక్షరాలో, తోచిన అక్షరాలో పెట్టుకుని రాత్రంతా గాల్లో అరుచుకున్నారు. నిప్పురవ్వ ట్రాన్స్‌మిటర్ గుణమేమిటంటే అది ఒకే పొడుగు అల దగ్గర ఆగదు. పక్కింట్లో పిండిమర ఆడుతుంటే మన ఇంట్లో పాట వినబడనట్టే, ఒక కుర్రాడు మీట నొక్కితే ఊరందరి చెవుల్లో బరబర. నౌకాదళంవాళ్లు ఓడలతో మాట్లాడబోతే మధ్యలో ఇద్దరు పిల్లలు లెక్కల హోమ్‌వర్కు జవాబులు చెప్పుకుంటూ ఉంటారు. కొందరు అంతటితో ఆగక అడ్మిరల్ పేరు పెట్టుకుని ఓడలకు ఉత్తుత్తి ఆర్డర్లు పంపారని నౌకాదళం మొరపెట్టుకుంది. అడ్మిరల్ ఆర్డరుకూ పద్నాలుగేళ్లవాడి ఆర్డరుకూ తేడా ఎందుకు కనిపెట్టలేకపోయారన్న అనుచితమైన ప్రశ్న ఇక్కడ నేను వేయను.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. ప్రయాణికులందరూ క్షేమం, ఓడను హాలిఫాక్స్‌కు లాక్కొస్తున్నారు అని మొదట్లో పత్రికల్లో వచ్చింది. ఎక్కడెక్కడి సందేశాలో కలిసిపోయి పుట్టిన ఆ అబద్ధానికి బాధ్యులెవరు? రాత్రంతా గాల్లో గోల చేసే పిల్లలేనని పెద్దలు తేల్చారు. పత్రికలు అచ్చువేసిన అబద్ధానికి పత్రికలు బాధ్యులు కావన్నది పాత సంప్రదాయం, దాన్ని గౌరవించాలి.

ఆగస్టు 13న అధ్యక్షుడు టాఫ్ట్ రేడియో చట్టం మీద సంతకం పెట్టాడు. పిల్లల ఆటను ఎవరూ నిషేధించలేదు, గమనించండి. నిషేధిస్తే గొడవ. దానికన్నా గొప్ప ఉపాయం ఆలోచించారు.

అప్పటి శాస్త్రం ప్రకారం అల ఎంత పొడుగుంటే మాట అంత దూరం పోతుంది. ఓడలకు 300, 600 మీటర్లు. సముద్రం దాటించే పెద్ద స్టేషన్లకు వేల మీటర్లు. 200 మీటర్ల కింద ఏముంది? ఏమీ లేదు. చౌడు నేల, గడ్డి కూడా మొలవదు, పక్క ఊరు దాటితే గొప్ప. కాబట్టి అమెచ్యూర్లు, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్లు, అందరూ లైసెన్సు తీసుకుని, ఒక కిలోవాటుకు మించకుండా, 200 మీటర్లకు ఎగువన అడుగుపెట్టకుండా ఆడుకోవచ్చని చట్టం. ఊరి మధ్య చెరువు కింది పొలాలు పెద్దలకు, ఊరి బయట బంజరు పేదలకు అసైన్‌మెంటు పట్టా. చేతిలో కాగితం పడుతుంది, పట్టెడు గింజలు రావు. రెండేళ్లలో వాళ్లే విసిగి వదిలేసి పోతారు. మన రెవెన్యూ శాఖకు తెలియని విద్య కాదిది, గాలికి వర్తింపజేసిన ఘనత మాత్రం వాళ్లదే.

ఇందులో ఇంకో చిత్రం. ఈ 200 మీటర్ల హద్దు తన ఆలోచనేనని, చట్టానికి కొన్ని నెలల ముందే తన సంపాదకీయంలో రాశానని గెర్న్స్‌బ్యాక్ గర్వంగా చెప్పుకున్నాడు. పాఠకుల తరఫున పోరాడే పత్రికాధిపతి పాఠకుల కాళ్లకు సంకెళ్ల కొలత తనే ఇచ్చి, ఆ కొలత బాగా కుదిరిందని మెచ్చుకున్నాడన్నమాట. నాయకుడంటే అలా ఉండాలి.

ఇక హార్ట్‌ఫర్డ్ సంగతి. కనెటికట్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో హిరమ్ పెర్సీ మాక్సిమ్ అనే ఇంజినీరు ఉండేవాడు. తండ్రి మెషిన్‌గన్ కనిపెట్టాడు. కొడుకు తుపాకికి సైలెన్సర్ కనిపెట్టాడు. తండ్రి చేసిన చప్పుడుకు కొడుకు ప్రాయశ్చిత్తం అనుకుని సంతోషించేలోపు, ఆ సైలెన్సర్ మనిషే నలభై దాటాక ఇంట్లో నిప్పురవ్వ ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని వీధి వీధంతా అదరగొట్టాడు. ఇరవై ముప్ఫై మైళ్ల దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు ఒక మాట పంపబోయాడు, అందలేదు. మధ్యలో ఉన్న ఊరివాణ్ని అందుకుని, 'నువ్వు వాడికి చెప్పు' అని పంపించాడు. అక్కడ వెలిగింది. ఈ ఊరివాడు ఆ ఊరివాడికి, ఆ ఊరివాడు పై ఊరివాడికి చెప్పుకుంటూ పోతే పేదవాడి సెట్టుతోనూ దేశమంతా మాట నడుస్తుంది కదా అని. మనవాళ్లు సంతకు వెళ్లేవాడి చేత చుట్టాలకు కబురు పంపినట్టు. 1914లో, టస్కా అనే కుర్రాడితో కలిసి అమెరికన్ రేడియో రిలే లీగ్ పెట్టాడు. 1915 డిసెంబరులో క్యూఎస్‌టీ పత్రిక మొదలైంది.

గెర్న్స్‌బ్యాక్ పత్రిక అమ్మడానికి నడిచింది, క్యూఎస్‌టీ కలపడానికి నడిచింది అని కొందరంటారు. నాకు రెండూ ఒకటే. నిజానికి రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది పిల్లలకు ఒక భాష నేర్పింది. క్యూఆర్‌ఎమ్ అంటే ఎవడో అడ్డం తగులుతున్నాడని. 73 అంటే శుభాకాంక్షలు. పద్నాలుగేళ్ల కుర్రాణ్ని కూడా 'ఓల్డ్ మ్యాన్' అని పిలుస్తారు. పెళ్లి కాని అమ్మాయిని వైఎల్, అంటే యంగ్ లేడీ అంటారు. పెళ్లయ్యాక ఆమె ఎక్స్‌వైఎల్. మాజీ యంగ్ లేడీ! ఈ మాట మా ఇంట్లో చదివి వినిపించాను. ఆ రోజు మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. అసలు 'హామ్' అన్న మాటే తంతి ఆఫీసుల్లో పనిరాని ఆపరేటర్‌ను తిట్టే తిట్టు. తిట్టును బిరుదుగా తగిలించుకుని తిరిగేవాళ్లతో ఎవరు వాదించగలరు?

ఆ పత్రికలోనే 'ది ఓల్డ్ మ్యాన్' అన్న మారుపేరుతో ఒకాయన గాల్లో క్రమశిక్షణ లేకుండా పోయిందని తరచూ నిప్పులు చెరిగేవాడు. ఈయన ఒక్కడే మన మనిషి అనుకున్నాను. తప్పు చేసిన ఆపరేటర్లను శిక్షించడానికి 'వఫ్ హాంగ్' అనే ఒక భయంకరమైన ఆయుధం ఉందని రాశాడు. అదెలా ఉంటుందో, దేనితో కొడుతుందో ఎవరికీ తెలియదు. 1919లో ఆయన ఒకటి పంపనే పంపాడు: వంకర కర్ర ముక్కలు, తీగ చుట్టి. దాన్ని ఇప్పటికీ లీగ్ ముఖ్య కార్యాలయంలో భద్రంగా పెట్టుకుని చూపిస్తారు. ఆ ఓల్డ్ మ్యాన్ ఎవరో 1936లో ఆయన పోయాక గానీ బయటపడలేదు. మాక్సిమే. గోల చేసిందీ ఆయనే, గోల అని తిట్టిందీ ఆయనే. వఫ్ హాంగ్ నమూనా ఒకటి మా సంఘం ఆఫీసులో వేలాడదీయాలన్న నా ప్రతిపాదన కార్యవర్గం పరిశీలనలో ఉంది.

1917 ఫిబ్రవరిలో తూర్పు తీరం నుంచి ఒక మాట ఇలా చేతులు మారుతూ పడమటి తీరానికి వెళ్లి, జవాబుతో గంటా ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చింది. చౌడు నేలలో మొలక కనబడిందన్నమాట. సరిగ్గా రెండు నెలలకు దేవుడు కరుణించాడు, అమెరికా యుద్ధంలోకి దిగింది. ట్రాన్స్‌మిటర్లే కాదు, వినే పెట్టెలు కూడా విప్పేయాలని, ఏరియళ్లు దించేయాలని ఆజ్ఞ. ఊళ్లన్నీ నిశ్శబ్దం. ఆ తర్వాత ప్రభుత్వానికి గుర్తొచ్చింది, సైన్యానికి వైర్‌లెస్ తెలిసినవాళ్లు వేలమంది కావాలని. ఎవరికి తెలుసు? నిన్న ఎవరి ఏరియల్ దించామో వాళ్లకే. గాలి పాడుచేస్తున్నారని పదేళ్లు మొత్తుకున్న నౌకాదళమే రమ్మని యూనిఫారం ఇచ్చింది. యుద్ధం అయిపోగానే నౌకాదళ మంత్రి జోసెఫస్ డేనియల్స్ రేడియో మొత్తం శాశ్వతంగా సర్కారు చేతిలోనే ఉండాలన్నాడు. ఎంత చక్కటి ఆలోచన! మాక్సిమ్, ఆయన మనుషులు ఊరూరా ఉత్తరాలు రాయించి, చట్టసభ ముందు నిలబడి దాన్ని చెడగొట్టారు. 1919 అక్టోబరులో మళ్లీ గోల మొదలు.

ఇక్కడి నుంచి కథ నాకు బొత్తిగా నచ్చదు, అయినా కార్యదర్శిగా నిజం రాయాలి. 1921 నవంబరులో లీగ్ వాళ్లు పాల్ గాడ్లీ అనే ఇంజినీరును అక్విటానియా ఓడ ఎక్కించి స్కాట్లాండ్ పంపారు. ఆయన ఆర్డ్రోసన్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో, వాన, చలిగాలి, బురద పొలంలో డేరా వేసుకుని, పొలం పొడవునా తీగ లాగి, డిసెంబరు రాత్రుళ్లు చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఆ పొలంలో ఉల్లి నారు పోసినా ఉపయోగం ఉండేది. 200 మీటర్లకు కాస్త అటూఇటూగా, కనెటికట్‌లోని గ్రీనిచ్ నుంచి 1బీసీజీ అనే అమెచ్యూర్ స్టేషను మాట ఆయనకు వినబడింది. దాంతోపాటు ఇంకా చాలా స్టేషన్లు. పక్క ఊరు దాటదని శాస్త్రవేత్తలు రాసిచ్చిన నేల అట్లాంటిక్ దాటింది.

1923 నవంబరులో ఇంకా కిందికి, వంద మీటర్ల దగ్గరకు దిగి, ఫ్రాన్సులోని నీస్ ఊరివాడితో అమెరికావాళ్లు ఎదురెదురుగా కూర్చున్నట్టు మాట్లాడుకున్నారు. పనికిరాదన్న నేలలో ఎంత లోతుకు తవ్వితే అంత నీళ్లు పడుతున్నాయి! కారణం తర్వాత తెలిసింది. నేల మీద పాకిపోయే చిన్న అల నిజంగానే తొందరగా చచ్చిపోతుంది, పెద్దలు కొలిచింది దాన్నే. పైకి పోయిన అలను ఆకాశంలో విద్యుత్తుతో నిండిన పొర ఒకటి అద్దంలా కిందికి తిప్పి ఎక్కడో వేల మైళ్ల అవతల దించుతుంది. అలాంటి పొర ఉంటుందని కెనెల్లీ, హెవిసైడ్ అనే ఇద్దరు 1902లోనే ఊహించారు. ఆపిల్టన్ అనే శాస్త్రవేత్త నిరూపించేసరికి 1924. అప్పటికి పిల్లలు ఆ అద్దంలో చాలాసార్లు ముఖం చూసుకున్నారు.

ఆ 1924 అక్టోబరు 18న న్యూజిలాండ్‌లో ఒక గొర్రెల ఫారం నుంచి ఫ్రాంక్ బెల్ అనే ఆయన పంపిన మాట లండన్ శివార్లలోని మిల్ హిల్ స్కూల్లో సిసిల్ గోయ్‌డర్ అనే విద్యార్థికి అందింది, జవాబు తిరిగి వెళ్లింది. భూగోళానికి ఈ చివరా ఆ చివరా. స్కూలుకు చదువుకోమని పంపితే వీడికిదేం పనని అడగాల్సిన హెడ్మాస్టరు ఏం చేస్తున్నాడో మరి.

ఆ గోయ్‌డర్‌ను ఎక్కడికి తరిమారో తెలుసా? మన మీదికే. 1936లో ఆలిండియా రేడియోకు చీఫ్ ఇంజినీరుగా వచ్చాడు. ఇంత పెద్ద దేశానికి తక్కువ ఖర్చుతో మాట అందించాలంటే షార్ట్‌వేవే, అంటే ఆ పొట్టి అలలే, దారి అని ఆయన హయాంలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టారు. 1938 జూన్‌లో మద్రాసు స్టేషను మొదలైంది. కోస్తా జిల్లాల్లో మన తాతలు చాలామంది తెలుగు మాట, తెలుగు పాట గాల్లో మొదటిసారి విన్నది అక్కణ్నుంచే. చౌడు నేల పంట మన ఇళ్లదాకా వచ్చిందని ఒప్పుకోవడం నాకు ఇబ్బందిగానే ఉంది.

పంట పండాక పొలం ఎవరిదన్న సంగతి మళ్లీ లేవదా? లేచింది. మార్కోనీ కంపెనీ, ప్రభుత్వాలు, ప్రసార సంస్థలు, అన్నీ షార్ట్‌వేవ్ మీదికి దిగాయి. పన్నెండేళ్ల క్రితం 'మొత్తం మీకే, ఏలుకోండి' అన్న నేలను సర్వే చేయించి, 1924లో అమెచ్యూర్లకు 80, 40, 20, 5 మీటర్ల దగ్గర తలా ఒక ముక్క కొలిచిచ్చారు. 1927లో వాషింగ్టన్‌లో దేశాలన్నీ కూర్చుని ఆ ముక్కల గట్లు కూడా ఇంకాస్త లోపలికి జరిపాయి. పట్టా చెల్లదనలేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, కాస్త సర్దుకోండి అన్నారు. చట్టబద్ధంగా జరిగింది కాబట్టి నాకే అభ్యంతరమూ లేదు.

గెర్న్స్‌బ్యాక్ ఏమయ్యాడంటారా? 1911లోనే ఆయన పత్రికలో క్రీస్తు శకం 2660లో జరిగే సీరియల్ ఒకటి సొంతంగా రాసి పడేశాడు. వైర్లు అమ్మేవాడు కథలు రాయడమేమిటని ఎవరూ అడగకపోయేసరికి, 1926లో అలాంటి కథలకే అమేజింగ్ స్టోరీస్ అని ఒక పత్రిక పెట్టాడు. ఇప్పుడు సైన్స్ ఫిక్షన్ బహుమతికి ఆయన పేరే. ఆయన చేసినవాటిలో నాకు నచ్చింది ఒక్కటే: 1925లో అచ్చేసిన 'ఐసొలేటర్' అనే పెద్ద శిరస్త్రాణం. తల మొత్తం మూసేస్తుంది, చూడటానికి సన్నటి గీత, ఊపిరికి ఆక్సిజన్ గొట్టం, బయటి చప్పుడు వినబడదు. చదువుకునేవాడికి ఏకాగ్రత కోసమట. లోకమంతటినీ చెవిలో పెట్టి, పిల్లల చదువు పాడుచేసిన మనిషి చివరికి చెవులు మూసే పరికరం గీశాడు. ఇంటర్ కాలేజీల హాస్టళ్లవాళ్ల కంట ఇది ఇంకా పడలేదు, పడకూడదనే కోరుకుంటున్నాను.

మన దగ్గర ఈ జబ్బు పాకకుండా సర్కారు బాగానే కట్టడి చేసింది. 1924లో కృష్ణస్వామి చెట్టి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టి, జూలై నుంచి సరదాకి ప్రసారాలే మొదలుపెట్టాడు. మన సర్కారు జిల్లాలన్నీ అప్పుడా ప్రెసిడెన్సీలోవే. డబ్బు చాలక 1927లో మూసేసి, ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు ఇచ్చేశారు. 1933లో చట్టం వచ్చి, లైసెన్సు లేకుండా రేడియో పెట్టె ఇంట్లో ఉండటమే నేరమైంది. మా నాన్న ఏటా పోస్టాఫీసుకు వెళ్లి, చిన్న పుస్తకం మీద స్టాంపు అంటించుకుని వచ్చేవాడు, వార్తలు, భక్తిరంజని వినడానికి. ఒక ఏడు ఆలస్యమైతే పోస్టుమాస్టరు కాదు, మా నాన్నే తనకు తాను రేడియో బంద్ పెట్టుకున్నాడు. అలాంటి పౌరులుండేవారు.

ఇప్పుడు చూడండి. 1983 నుంచి మన హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, పిలిచి నేర్పుతుంది. 2004 డిసెంబరులో వాళ్ల బృందం ఒకటి అండమాన్ వెళ్లింది. ఎందుకంటే, అక్కడి నుంచి ఎన్నో ఏళ్లుగా హామ్‌లు ఎవరూ మాట్లాడలేదట, కాబట్టి మాట్లాడాలట. పోర్ట్‌బ్లెయిర్‌లో కూర్చుని ప్రపంచంలో ఉన్నవాళ్లందరితో 'నువ్వు వినబడుతున్నావు, నేను వినబడుతున్నానా' అని చెప్పుకుంటున్నారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఎవరి వాళ్లు బతికున్నారో, ఎక్కడున్నారో ఆ సరదా పెట్టెల మీద నుంచే చెప్పాల్సి వచ్చింది. దీన్ని మా కుర్రాడు అర్జీకి జతచేశాడు. భావోద్వేగంతో కార్యవర్గాన్ని ప్రభావితం చేసే ప్రయత్నంగా నమోదు చేశాను.

ఇన్ని ఆలోచించాక మేం ఒక నిర్ణయానికి వచ్చాం. కాదంటే వాళ్ల నాన్న మెయింటెనెన్స్ ఆపేస్తాడు. అవునంటే టెర్రస్ పోతుంది. అందుకని వాటర్ ట్యాంకు వెనక, లిఫ్టు గది గోడకు ఆనుకుని ఉన్న రెండు గజాల మూల ఇచ్చాం. అక్కడ ఎండ పడదు, వడియాలు ఎండవు, పావురాలు తప్ప ఎవరూ వెళ్లరు. తీగ కూడా ఆ మూలలోనే ఎంత కుదిరితే అంత, మడిచి కట్టుకోవాలని షరతు. అక్కడి నుంచి పక్క వీధి దాకా కూడా ఏమీ అందదని మా ఎలక్ట్రీషియన్ హామీ ఇచ్చాడు. కుర్రాడు కాగితం చదువుకుని "థాంక్యూ అంకుల్" అన్నాడు. ఎందుకో మరీ అంత సంతోషపడ్డాడు.

నిన్న రాత్రి పదకొండింటికి మోటారు ఆపడానికి పైకెళ్లాను. ట్యాంకు వెనక చిన్న దీపం. పావురాల రెట్ట కడిగి, చాప వేసుకుని, వెదురుబొంగుకు ఏవో తీగలు మెలేసి కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. చెయ్యెత్తి ఆగమన్నాడు.

"ఒక్క నిమిషం అంకుల్, జకార్తా."

పొద్దున రెండో అంతస్తు ఆయనకు ఈ సంగతి చెప్తే, ఆ మూలకు నెలకు అద్దె ఎంత రావచ్చో అక్కడికక్కడే లెక్క వేశాడు. ఆ స్థలాన్ని సంఘం అవసరాల కోసం తిరిగి తీసుకునే అంశం వచ్చే నెల అజెండాలో చేర్చాను.